19 గిగాహెర్ట్జ్ ఇచ్చి 38 తీసుకోవడం: ఒక్క డయోడ్‌తో డబ్లర్ ఎలా కట్టాలి

"ల్యాబ్‌లో 20 గిగాహెర్ట్జ్ జనరేటర్ ఉంది, ప్రాజెక్టుకేమో 38 కావాలి, ఏం చేయాలి?" నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీని వెనకే రెండోది వస్తుంది: "డబ్లర్ కట్టాం, 38 వస్తోంది కానీ మరీ చచ్చుగా వస్తోంది, మంచి డయోడ్ ఏదైనా చెప్పండి." మొదటి ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం: జనరేటర్ నుంచి 19 ఇచ్చి, దాన్ని రెట్టింపు చేసే డబ్లర్ సర్క్యూట్‌తో 38 తీసుకోవడం. రెండోదానికి ఇప్పుడే చెప్పేస్తాను: చాలాసార్లు డయోడ్‌ది తప్పు కాదు. 19కి ఒక దారి, 38కి ఒక దారి వేశారా లేదా, ఆ దారులు డయోడ్ కాళ్ల దగ్గరే మొదలవుతున్నాయా లేదా అన్నదే అసలు విషయం.

లెక్క రెండు ముక్కల్లో. రెసిస్టివ్‌గా పనిచేసే డయోడ్ ఎంత బాగా కట్టినా ఎన్ రెట్ల మల్టిప్లయర్ దక్షత ఎన్ వర్గంలో ఒక వంతు దాటదు. డబ్లర్‌కి 25 శాతం, అంటే కనీసం 6 డీబీ నష్టం. ట్రిప్లర్‌కి 11 శాతం, 9.5 డీబీ నష్టం. కెపాసిటెన్స్ మారడం మీద నడిచే వరాక్టర్‌కి సిద్ధాంతం ప్రకారం ఈ హద్దు లేదు, కానీ బ్యాండ్ ఇరుకు, ట్యూనింగ్ మొండి. మొదటిసారి కట్టేవాళ్లు వరాక్టర్ జోలికి పోకండి. రెసిస్టివ్‌గా పనిచేసే షాట్కీ డయోడ్‌తో 9 నుంచి 11 డీబీ నష్టంలో 38 వచ్చిందంటే మీ పని బాగున్నట్టే.

కావాల్సినవి

- గాలియం ఆర్సెనైడ్ షాట్కీ డయోడ్, ఫ్లిప్‌చిప్ రకం (తీగలు లేకుండా తిరగేసి నేరుగా బోర్డుకి అతికించేది). నేను వాడేది ఎంఏ4ఈ1317: జంక్షన్ కెపాసిటెన్స్ సుమారు 0.02 పీకోఫారడ్, సిరీస్ రెసిస్టెన్స్ 4 ఓమ్‌లు. ఈ రెండింటినీ 2పైతో గుణించి, దానితో ఒకటిని భాగిస్తే కటాఫ్ ఫ్రీక్వెన్సీ దాదాపు 2 టెరాహెర్ట్జ్ వస్తుంది. 38కి అది ధారాళంగా సరిపోతుంది. నాలుగైదు ఎక్కువ తెప్పించుకోండి, ఒకటి రెండు ఎలాగూ పోతాయి.
- ఆర్‌టీ డ్యూరాయిడ్ 5880 బోర్డు, 0.127 మిల్లీమీటర్ల మందం. ఆర్‌ఓ3003 కూడా బాగానే ఉంటుంది. మామూలు ఎఫ్‌ఆర్4 మాత్రం వద్దు.
- 2.92 మిల్లీమీటర్ల కనెక్టర్లు రెండు, అదే రకం కేబుళ్లు. ఎస్‌ఎంఏ వీటికి బిగుస్తుంది కాబట్టి అదే వాడేద్దామనిపిస్తుంది. అరిగిన ఎస్‌ఎంఏ పిన్ను ఒక్కసారి దూరిందంటే మీ ఖరీదైన 2.92 కనెక్టర్ పాడైనట్టే.
- 19 గిగాహెర్ట్జ్ దగ్గర బోర్డు అంచున 13 డీబీఎం (సుమారు 20 మిల్లీవాట్లు) ఇవ్వగల జనరేటర్. అంత రాకపోతే ఒక డ్రైవర్ యాంప్లిఫయర్, దాని తర్వాత 3 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ని అంత మేర తగ్గించే అటెన్యుయేటర్).
- 40 గిగాహెర్ట్జ్ దాటి చూడగల స్పెక్ట్రమ్ అనలైజర్, రెండు డీసీ బ్లాకులు, సిల్వర్ ఎపాక్సీ, మైక్రోస్కోపు, స్టాటిక్ రాకుండా చేతికి కట్టుకునే పట్టీ.
- హార్మోనిక్ బ్యాలెన్స్, అంటే 19నీ దాని రెట్లనీ (హార్మోనిక్‌లనీ) కలిపి ఒకేసారి లెక్కించడం, చేయగల సాఫ్ట్‌వేర్. ఏడీఎస్, మైక్రోవేవ్ ఆఫీస్ ఉంటే సరే. డబ్బు పెట్టలేని విద్యార్థులు క్యూక్స్-ఎస్ వెనక జైస్ సిమ్యులేటర్ పెట్టుకుని ఈ పని చేయొచ్చు. లేఅవుట్‌కి ఓపెన్‌ఈఎంఎస్ ఉంది.

1. ముందు సర్క్యూట్‌ని కాగితం మీద గీయండి

డయోడ్‌ని లైనులో సిరీస్‌గా పెట్టండి. ఎడమ కాలు ఇన్‌పుట్ వైపు, కుడి కాలు అవుట్‌పుట్ వైపు.

ఎడమ కాలి దగ్గర ఒక షార్టెడ్ స్టబ్, అంటే లైను నుంచి పక్కకి చీలి చివర భూమికి కలిసే చిన్న లైను ముక్క. పొడవు 19 దగ్గర పావు తరంగదైర్ఘ్యం. 19కి అది ఓపెన్ కాబట్టి ఇన్‌పుట్‌కి అడ్డు రాదు. అదే స్టబ్ 38కి సగం తరంగదైర్ఘ్యం, కాబట్టి 38కి షార్ట్. పైగా డీసీ తిరిగి భూమికి చేరే దారి కూడా ఇదే.

కుడి కాలి దగ్గర ఒక ఓపెన్ స్టబ్ (చివర దేనికీ కలపనిది), అదే పొడవు. 19కి షార్ట్, 38కి ఓపెన్. 57 దగ్గర మళ్లీ షార్ట్ అవుతుంది కాబట్టి మూడో హార్మోనిక్‌ని కూడా ఆపుతుంది. మీ అనలైజర్ 57ని చూడలేదు కనక, అది బయటికి రాకపోవడమే మంచిది.

అదే కుడి కాలి నుంచి సన్నటి లైను ఒకటి, 38 దగ్గర పావు తరంగం పొడవు. దాని చివర రేడియల్ స్టబ్, ఆ తర్వాత 100 ఓమ్‌ల రెసిస్టర్ భూమికి. డయోడ్ తనకు తానే బయాస్ చేసుకుంటుంది, వేరే సప్లై అక్కర్లేదు. ఈ రెసిస్టర్ మీద వోల్టేజీ చూస్తే డయోడ్ ఎంత కరెంటు లాగుతోందో తెలుస్తుంది. తర్వాత చేసే పరీక్షలన్నీ దీని మీద ఆధారపడతాయి, ఖర్చు తగ్గిద్దామని తీసేయకండి.

2. కొలతలు వేయండి

5880 మీద 0.127 మందానికి 50 ఓమ్‌ల లైను వెడల్పు సుమారు 0.39 మిల్లీమీటర్లు. ఎఫెక్టివ్ డైఎలక్ట్రిక్ 1.87 వస్తుంది. అక్కడి నుంచి 19 దగ్గర పావు తరంగం 2.88 మిల్లీమీటర్లు, 38 దగ్గర 1.44.

ఈ అంకెల్నే గీసి బోర్డు చేయించకండి. రెండు కోతలున్నాయి.

ఓపెన్ స్టబ్ చివర ఫీల్డు కాస్త బయటికి పొంగుతుంది. ఈ బోర్డు మీద అది దాదాపు 0.06 మిల్లీమీటర్లు. అంత తగ్గించి 2.82 గీయండి. లేకపోతే స్టబ్ ఆపే చోటు, అంటే అవుట్‌పుట్‌లో 19 దగ్గర పడాల్సిన గుంట, 18.6లో పడుతుంది.

షార్టెడ్ స్టబ్ చివర వయా (బోర్డు గుండా భూమికి చేరే లోహపు రంధ్రం) ఉంది కదా, అది నిజమైన షార్ట్ కాదు. 0.3 మిల్లీమీటర్ల వయా ఒకటి 0.04 నానోహెన్రీల దాకా ఉంటుంది. 38 దగ్గర అది 9.5 ఓమ్‌లు. 50 ఓమ్‌ల స్టబ్ మీద 0.17 మిల్లీమీటర్ల అదనపు పొడవుతో సమానం. రెండు వయాలు పక్కపక్కన వేసి, స్టబ్‌ని సుమారు 0.09 తగ్గించండి.

3. డయోడ్ మోడల్ సరిగ్గా పెట్టండి

డేటాషీట్‌లో రెండు కెపాసిటెన్స్‌లు ఉంటాయి: జంక్షన్ 0.02, మొత్తం 0.045. తేడా 0.025 చిప్ ప్యాడ్లది. 38 దగ్గర ఆ తేడా 170 ఓమ్‌ల లోపు రియాక్టెన్స్, డయోడ్‌కి సమాంతరంగా. దీన్ని వదిలేస్తే సిమ్యులేషన్‌లో 7 డీబీ నష్టం చూసి మురిసిపోతారు, బల్ల మీద 12 చూసి తల పట్టుకుంటారు.

దీనికి ఎదురు తప్పూ ఉంది. చిప్ ప్యాడ్లను ఈఎం (విద్యుదయస్కాంత) సిమ్యులేషన్‌లో గీసి, మళ్లీ 0.025 మోడల్‌లో కలిపితే ఒకే కెపాసిటెన్స్‌ని రెండుసార్లు లెక్కేసినట్టు. ఏదో ఒకచోటే పెట్టండి.

4. హార్మోనిక్ బ్యాలెన్స్

కనీసం 7 హార్మోనిక్‌లు తీసుకోండి. 3తో నడిపితే త్వరగా అయిపోతుంది, జవాబు తప్పు వస్తుంది. సోర్స్ 13 డీబీఎం పెట్టి, ఇన్‌పుట్ వైపు 19కి, అవుట్‌పుట్ వైపు 38కి ఐడియల్ ట్యూనర్లు పెట్టండి. ఏ ఇంపీడెన్స్ దగ్గర 38 పవర్ ఎక్కువ వస్తోందో వెతికి, ఆ విలువలకే మ్యాచింగ్ చేయండి. చిన్న సిగ్నల్ ఎస్-పారామీటర్లు తీసుకుని మ్యాచ్ చేసేవాళ్లున్నారు. డ్రైవ్ పడగానే డయోడ్ ఇంపీడెన్స్ మారిపోతుంది, ఆ మ్యాచింగ్ ఎందుకూ పనికిరాదు.

తర్వాత డ్రైవ్‌ని 5 నుంచి 16 డీబీఎం దాకా మార్చి చూడండి. నష్టం తగ్గుతూ వచ్చి ఒకచోట సమంగా నిలబడుతుంది. ఆ సమంగా ఉన్న చోటు మొదట్లో పనిచేయించండి. ఇంకా తోస్తే డయోడ్ వేడెక్కుతుంది తప్ప 38 పెరగదు. డేటాషీట్‌లో రివర్స్ వోల్టేజీ, గరిష్ఠ పవర్ హద్దులు ఓసారి సరిచూసుకోండి.

5. లేఅవుట్: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు

స్టబ్‌లు డయోడ్ కాళ్లను ఆనుకుని ఉండాలి. ఆనుకుని అంటే ఆనుకునే.

నా మొదటి బోర్డు సంగతి చెబుతాను. సర్క్యూట్ సరిగ్గానే గీశాను. లేఅవుట్ చేస్తున్నప్పుడు డయోడ్ ప్యాడ్ దగ్గర స్టబ్ పెడితే ఎపాక్సీ పెట్టడానికి చోటు ఇరుకవుతోందని, ఇన్‌పుట్ స్టబ్‌ని ఓ 0.7 మిల్లీమీటర్లు పక్కకి జరిపాను. గోరు మందం అంత కూడా ఉండదు కదా అనుకున్నాను. 38 దగ్గర ఆ 0.7 అంటే తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు. స్టబ్ దగ్గర షార్ట్‌గా ఉన్నది డయోడ్ దగ్గరికొచ్చేసరికి 50 ఓమ్‌ల ఇండక్టెన్స్ అయి కూర్చుంది. 2 డీబీఎం రావాల్సిన చోట మైనస్ 8 వచ్చింది. రెండు వారాలు డయోడ్లు మార్చాను, ఎపాక్సీ మార్చాను, జనరేటర్‌ని అనుమానించాను. చివరికి స్కేలు పెట్టి బోర్డు కొలిస్తే తెలిసింది. ఇంకో 0.7 జరిపి ఉంటే అది పూర్తిగా ఓపెన్ అయ్యేది, అసలేమీ వచ్చేది కాదు.

మ్యాచింగ్ భాగాలన్నీ స్టబ్‌లకి అవతలే ఉండాలి, డయోడ్‌కీ స్టబ్‌కీ మధ్య ఏదీ రాకూడదు. స్టబ్, లైను, డయోడ్ ప్యాడ్ కలిసే కూడలిని తప్పకుండా ఈఎం సిమ్యులేషన్ చేయండి. మిగతా లైన్లకి ఫార్ములా చాలు.

ఇంకొకటి. బోర్డు కూర్చునే లోహపు పెట్టె లోపలి గాడి వెడల్పు 38 దగ్గర సగం తరంగదైర్ఘ్యం, అంటే 3.9 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండాలి. లేకపోతే గాడి తానే వేవ్‌గైడ్ అయి 38ని అటూ ఇటూ మోసుకుపోతుంది. 3.5 పెట్టుకోండి. అప్పుడు 2.8 మిల్లీమీటర్ల స్టబ్ నిటారుగా పట్టదు, ఎల్ ఆకారంలో వంచాల్సిందే. వంపుని మూలకోసి, ఆ పొడవు ఈఎంలో మళ్లీ సరిచేయండి. స్టబ్ చివర గోడకి అర మిల్లీమీటరు దూరమైనా ఉండాలి.

స్టబ్ చివరల దగ్గర చిన్న చిన్న రాగి చుక్కలు, 0.15 మిల్లీమీటర్లవి, విడివిడిగా గీసి ఉంచండి. తర్వాత ట్యూనింగ్‌లో ఇవి ఎంత ఆదుకుంటాయో చూస్తారు.

6. అతికించడం

ముందు చేతికి పట్టీ. డయోడ్ జంక్షన్ ఎంత చిన్నదంటే, ఫ్యాన్ కింద నడిచొచ్చిన మనిషి వేలు తగిలినా చాలు, పోతుంది.

ఎపాక్సీ చుక్క ప్యాడ్ కంటే చిన్నదిగా ఉండాలి. అగరుబత్తి పుల్ల చివర చెక్కి వాడే మిత్రుడు ఒకరున్నారు, ఖరీదైన డిస్పెన్సర్ కంటే ఆయన చుక్కే నీటుగా పడుతుంది. చుక్క పెద్దదైతే చిప్ నొక్కగానే కిందికి పాకి రెండు కాళ్లనీ కలిపేస్తుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక పక్కనుంచి మైక్రోస్కోపులో చూసి, చిప్ కింద వెలుతురు కనిపిస్తోందో లేదో నిర్ధారించుకోండి.

ఫ్లిప్‌చిప్ దొరక్క వైరు బాండ్ చేసే డయోడ్ వాడాల్సి వస్తే, వైరుని వీలైనంత పొట్టిగా ఉంచండి. 0.25 నానోహెన్రీల తీగ 38 దగ్గర 60 ఓమ్‌లు. ఆ విలువని సిమ్యులేషన్‌లో ముందే కలపాలి, తర్వాత బాధపడి లాభం లేదు.

7. ఆర్‌ఎఫ్ ఇవ్వక ముందు డీసీ పరీక్ష

1 మిల్లీ ఆంపియర్, తర్వాత 10 మిల్లీ ఆంపియర్లు పంపి డయోడ్ మీద వోల్టేజీ రాసుకోండి. కొలతలు డయోడ్ మీదే, 100 ఓమ్‌ల రెసిస్టర్ కలవకుండా. మొదటిది 0.7 వోల్టులకి అటూ ఇటూ ఉండాలి. రెండింటి తేడా మామూలు డయోడ్‌కి 60 నుంచి 70 మిల్లీవోల్టులు, దాని మీద 9 మిల్లీ ఆంపియర్లు సిరీస్ రెసిస్టెన్స్‌లో వేసే వోల్టేజీ. 4 ఓమ్‌లకి అది 36. అంటే మొత్తం 100 దగ్గర రావాలి. 150 వచ్చిందంటే ఎపాక్సీ అతుకు సరిగా లేదు. ఇక్కడ రెసిస్టెన్స్ పెరిగితే దక్షత పడిపోవడం ఖాయం, ముందుకు పోకుండా మళ్లీ అతికించండి.

8. ఆర్‌ఎఫ్ ఇచ్చి కొలవడం

రెండు వైపులా డీసీ బ్లాకులు పెట్టండి. కేబుళ్ల నష్టం 19 దగ్గర, 38 దగ్గర విడివిడిగా కొలిచి రాసుకోండి. ఒకే కేబుల్ 38 దగ్గర చాలా ఎక్కువ తింటుంది. అది మరిచిపోయి "నా డబ్లర్ 14 డీబీ నష్టం ఇస్తోంది" అని దిగులుపడిన వాళ్లని చూశాను.

డ్రైవ్ 0 డీబీఎం నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. 100 ఓమ్‌ల మీద వోల్టేజీ పెరుగుతూ రావాలి. నా బోర్డులో 13 డీబీఎం దగ్గర 0.4 వోల్టులు, అంటే 4 మిల్లీ ఆంపియర్లు. 38 దగ్గర 2 డీబీఎం. నష్టం 11.

వోల్టేజీ బాగా వచ్చి 38 రాకపోతే తప్పు అవుట్‌పుట్ వైపు, లేదా 38ని షార్ట్ చేయాల్సిన స్టబ్‌లో. వోల్టేజీయే రాకపోతే ఇన్‌పుట్ మ్యాచింగ్‌లో, లేదా 19ని షార్ట్ చేయాల్సిన కుడి స్టబ్‌లో. ఈ ఒక్క కొలతే సగం వెతుకులాటని తప్పిస్తుంది.

కనిపిస్తున్న 38 మీదేనా?

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటి దొంగలు ఇద్దరు: జనరేటర్, అనలైజర్. జనరేటర్‌కి, డ్రైవర్ యాంప్లిఫయర్‌కి సొంత రెండో హార్మోనిక్ ఉంటుంది. అవుట్‌పుట్‌లో 19 లీకై అనలైజర్‌లోకి పోతే దాని మిక్సర్ కూడా ఒక 38 తయారు చేస్తుంది. వీళ్లని పట్టే పద్ధతులు ఇవి:

- అనలైజర్ ఇన్‌పుట్ అటెన్యుయేటర్ 10 డీబీ పెంచండి. తెర మీద 38 అంకె మారకూడదు. తగ్గిందంటే ఆ మేరకు అది అనలైజర్ పుట్టించినదే.
- డ్రైవ్ తక్కువగా ఉన్నప్పుడు 1 డీబీ పెంచితే 38 దాదాపు 2 డీబీ పెరగాలి. ఒకటికి ఒకటిగా పెరుగుతుంటే ముందునుంచి వస్తున్న 38 మీ బోర్డు గుండా దూరి వస్తోందని అనుమానించండి. డ్రైవ్ బాగా పెరిగాక ఈ నిష్పత్తి ఎలాగూ తగ్గుతుంది, అక్కడ ఈ పరీక్ష చెల్లదు.
- డ్రైవర్ తర్వాత 25 గిగాహెర్ట్జ్ లోపాస్ ఫిల్టర్ పెట్టి మళ్లీ కొలవండి. ఫిల్టర్ 19 దగ్గర తినే నష్టాన్ని డ్రైవ్ పెంచి పూడ్చుకోండి.

ఇన్‌పుట్‌ని 1 మెగాహెర్ట్జ్ జరిపితే అవుట్‌పుట్ 2 జరగాలన్న పరీక్ష అందరూ చెబుతారు. చేయండి, కానీ పైన చెప్పిన దొంగలిద్దరూ ఆ పరీక్షలో సుఖంగా పాసవుతారు.

కుడి స్టబ్ ఎక్కడ కూర్చుందో తెలుసుకోవాలంటే ఇన్‌పుట్‌ని 18 నుంచి 20 దాకా తిప్పుతూ అవుట్‌పుట్‌లో 19 లీకేజీ చూడండి. ఎక్కడ గుంట పడిందో స్టబ్ అసలు ఫ్రీక్వెన్సీ అదే. గుంట 19కి పైన ఉంటే స్టబ్ పొట్టి, పక్క రాగి చుక్కని చిన్న బంగారు రిబ్బన్‌తో కలపండి. కింద ఉంటే పొడుగు, బ్లేడుతో కోయాలి. కోసింది తిరిగి రాదు కాబట్టి గీసేటప్పుడే కాస్త పొట్టిగా గీయడం తెలివి. కలపబోయే ముందు రాగి రేకు ముక్కని పళ్లు కుట్టుకునే పుల్లతో అక్కడ నొక్కి పట్టి చూడండి, లాభమో నష్టమో తెర మీదే తెలిసిపోతుంది.

మూత బిగించాక మళ్లీ కొలవండి. పవర్ 1 డీబీ కంటే ఎక్కువ కదిలితే మూత లోపల అబ్సార్బర్ ముక్క అతికించండి. డయోడ్ నెత్తిన సరిగ్గా కాదు, గాడి చివరల వైపు.

ఫేజ్ నాయిస్ (సిగ్నల్ ఫేజులోని సన్నటి వణుకు) 6 డీబీ పెరుగుతుంది, అది డబ్లర్ తప్పు కాదు, రెట్టింపు లెక్కే అంత. 10 కిలోహెర్ట్జ్ దగ్గర సోర్స్ మైనస్ 110 ఉంటే అవుట్‌పుట్ మైనస్ 104 ఉండాలి. సోర్స్‌లోని స్పర్లు (అక్కర్లేని చిన్న సిగ్నళ్లు) కూడా అంతే పెరుగుతాయి. 6 కంటే బాగా ఎక్కువ పెరిగితే డ్రైవర్ యాంప్లిఫయర్ సప్లై నాయిస్ చూడండి.

వేరే దారులు

10 డీబీ నష్టం భరించలేనివాళ్లు పీహెచ్‌ఈఎంటీ ట్రాన్సిస్టర్ వాడొచ్చు. గేటుని పించాఫ్ (కరెంటు ఆగిపోయే వోల్టేజీ) కిందికి బయాస్ చేసి, చక్రంలో 120 డిగ్రీలు మాత్రమే కరెంటు పారేలా పెడితే రెండో హార్మోనిక్ కరెంటు గరిష్ఠ స్థాయికి వస్తుంది, పీక్ కరెంటులో 27 శాతం పైచిలుకు. స్టబ్‌ల సూత్రం అదే. అయితే డబ్లర్ కాస్తా ఆసిలేటర్ అయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి డ్రైవ్ తీసేసి స్పెక్ట్రమ్ ఖాళీగా ఉందో లేదో మొదటే చూడాలి.

19 లీకేజీ బాగా తగ్గాలంటే రెండు డయోడ్లని వ్యతిరేక ఫేజుల్లో నడిపే బ్యాలెన్స్‌డ్ రకం. దాని ఫలితం బాలన్ (సిగ్నల్‌ని రెండు వ్యతిరేక ఫేజులుగా విడదీసే భాగం) చేతిలో ఉంటుంది: 0.5 డీబీ, 5 డిగ్రీల తేడా ఉంటే 25 డీబీ కంటే ఎక్కువ రద్దు ఆశించకండి.

38 కాక 76 కావాలంటే ఒకే డయోడ్‌తో నాలుగు రెట్లు చేద్దామనే ఆశ పుడుతుంది. రెసిస్టివ్ హద్దు రెండింటికీ 12 డీబీయే. కానీ నాలుగు రెట్లలో మూడో హార్మోనిక్, అయిదోది పక్కనే నిలబడి ఉంటాయి, వాటిని వడకట్టడమే పెద్ద పని. రెండు డబ్లర్లు, మధ్యలో ఒక యాంప్లిఫయర్ పెట్టుకోండి. ఆ యాంప్లిఫయర్ ముందు కూడా 19 లీకేజీ కొలిచి, కనీసం 30 డీబీ కింద ఉందని చూసుకున్నాకే రెండో బోర్డు గీయడం మొదలుపెట్టండి.